శుక్రవారం ఉపవాస కూడిక, శుక్రవారమే డయాలిసిస్. మావయ్యకి ఎలా చెప్పాలి?

ఉద్దానం కోడలు:

అందరికీ వందనాలు. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

మాది కవిటి దగ్గర ఒక ఊరు. ఇంట్లో నేను, అత్తమ్మ, మావయ్య, నా ఇద్దరు పిల్లలు. మా ఆయన చెన్నైలో పని, క్రిస్మస్‌కి వచ్చి సంక్రాంతి దాకా ఉంటారు, మిగతా సంవత్సరమంతా ఫోన్లోనే కాపురం. మావయ్యకి కిడ్నీలు పాడై రెండేళ్ల నుంచి డయాలిసిస్ జరుగుతోంది. మా ఉద్దానం అంతా ఈ కిడ్నీ జబ్బే, ఇక్కడివాళ్లకి దీని గురించి నేను వేరే చెప్పక్కర్లేదు, మా వీధిలోనే నలుగురు ఉన్నారు. సోమ, బుధ, శుక్రవారాలు సోంపేట వెళ్తాం. మిషను మీద నాలుగు గంటలే గాని ఆటో, ఎదురుచూడ్డం, అయ్యాక కళ్లు తిరగడం అన్నీ కలుపుకుంటే రోజు అయిపోయినట్టే.

అత్తవారిది పాత బాప్టిస్టు కుటుంబం. మావయ్య ముప్పై ఏళ్లు సండే స్కూలు నడిపారు. ఆయన నేర్పిన పిల్లలు ఇప్పుడు పిల్లల తండ్రులైపోయారు, దారిలో కనబడితే చెప్పులు విప్పి వందనాలు చెప్తారు. నడవలేకపోతున్నారని మూడేళ్ల కిందట ఊళ్లోనే మొదలైన కొత్త మందిరంలో చేరాం. పాస్టర్ గారు మంచివారే, అబద్ధం చెప్పకూడదు, మొదటిసారి ఆస్పత్రిలో పడుకోబెట్టినప్పుడు రెండు రాత్రులు మాతో ఉన్నారు.

అసలు విషయం. నాలుగు వారాల కిందట బయటి నుంచి ఒక దైవజనులు వచ్చి వాక్యం చెప్పారు. ఆసా రాజు గురించి. తన రోగంలో దేవుడి దగ్గరకి వెళ్లకుండా వైద్యుల దగ్గరకి వెళ్లాడు, అందుకే చనిపోయాడు అని. మందుల సంచి పట్టుకుని మందిరానికి వచ్చేవాళ్లు దేవుడిని సగమే నమ్మినట్టు అన్నారు. అందరూ ఆమేన్ అన్నారు. మిగతావాళ్లు చాపల మీద కూర్చుంటారు, మావయ్య ఒక్కరికే ముందు వరసలో కుర్చీ వేస్తారు, చేతి మీద ఫిస్టులా (డయాలిసిస్ సూది గుచ్చడానికి ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం) ఉబ్బి అందరికీ కనబడుతూనే ఉంటుంది. నాకు ఆ నిమిషంలో లేచి వెళ్లిపోదామనిపించింది. ఆయన మాత్రం తల ఊపుతూ విన్నారు.

ఆ దైవజనులే ఆ రోజు ప్రార్థన చేసి మావయ్యకి నూనె రాశారు, ఫిస్టులా ఉన్న చేతికే రుద్ది రుద్ది రాశారు. మూడు శుక్రవారాలు ఉపవాస కూడికకి పూర్తిగా వచ్చి కూర్చోమన్నారు, మూడో వారం స్వస్థత కలిగిందని సాక్ష్యం చెప్తావు అన్నారు. మొదటి శుక్రవారం మావయ్య డయాలిసిస్‌కి రానన్నారు. ఆదివారం రాత్రికి కాళ్లు వాచిపోయాయి, పడుకుంటే ఊపిరి అందలేదు, గోడకి ఆనుకుని తెల్లారే దాకా కూర్చున్నారు. సోమవారం అక్కడి స్టాఫ్ తిట్టారు, నన్నే తిట్టారు. రెండో శుక్రవారం నేను దెబ్బలాడి తీసుకెళ్లాను. అత్తమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు మాట్లాడితే "ఏటే, దేవుడి కన్నా ఆ మిషను మీదే నీకు నమ్మకమేటి?" అంది. మూడో శుక్రవారం మళ్లీ మానేశారు. సాక్ష్యం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోగా స్త్రీల కూడికలో, పేరు పెట్టకుండా, కొన్ని ఇళ్లలో ఒక్కరి అవిశ్వాసం వల్ల ఇంటిల్లిపాదికీ స్వస్థత ఆగిపోతుందని మాట పడింది. ఇరవై మంది ఆడవాళ్లు, అందరికీ తెలుసు ఆ ఒక్కరూ ఎవరో.

అది కూడా ఓర్చుకున్నాను. మొన్న రాత్రి అన్నం తింటూ మా పెద్దవాడు, ఎనిమిదేళ్లు వాడికి, "అమ్మా, నువ్వు నమ్మకపోవడం వల్లేనా తాతయ్యకి తగ్గలేదు?" అని అడిగాడు. ఎవరు చెప్పారో అడగలేదు నేను.

నేను ప్రార్థన మానలేదు. దేవుడు బాగు చేయలేడని కూడా అనుకోవడం లేదు. అడిగేది ఒక్కటే, దీనికి వాక్యంలోనే జవాబు ఉందా? ఎందుకంటే మావయ్య వాక్యం తప్ప ఇంకేదీ వినరు, డాక్టరు మాట వినరు, కొడుకు మాట వినరు. చర్చి మానెయ్, మతమే దండగ అని రాసేవాళ్లు దయచేసి రాయొద్దు, దానివల్ల నాకు ఈ శుక్రవారం గడవదు.

సూటిగా:

మతం జోలికి వెళ్లను, మాట ఇస్తున్నాను. ఒక్క ప్రశ్న. ఆ వచ్చిన దైవజనులకి కళ్లజోడు ఉందా? ఉంటే ఆయన కూడా సగమే నమ్మినట్టు. లేకపోతే పళ్లు కట్టించుకున్నారేమో చూడండి.

ఇంకో మాట, మీవాడికి మాత్రం ఇవాళే జవాబు చెప్పండి. మావయ్య సంగతి నిదానంగా తేలుతుంది గాని ఎనిమిదేళ్ల వాడి బుర్రలో పడింది మొక్కై కూర్చుంటుంది.

రిటైర్డు మాస్టారు, పాలకొండ:

అమ్మా, వందనాలు. నేను కూడా సండే స్కూలు చెప్పినవాడినే, కాబట్టి మీ మావయ్య గారికి ఒక తోటి మాస్టారు రాస్తున్నట్టుగా చదివి వినిపించండి.

ముందు ఆసా దగ్గరే మొదలుపెడదాం. రెండో దినవృత్తాంతాలు 16లో 12వ వచనం ఒక్కటే చదివితే ఆ బోధకుడు చెప్పినట్టే ఉంటుంది. అధ్యాయం మొదటి నుంచి చదవండి. ఇశ్రాయేలు రాజు మీదకి వస్తే ఆసా దేవుడిని అడగలేదు, మందిరంలోని వెండి బంగారాలు తీసి సిరియా రాజు బెన్హదదుకి పంపించి సాయం కొనుక్కున్నాడు. అది తప్పని చెప్పిన హనానీ దీర్ఘదర్శిని బందీగృహంలో వేయించాడు, జనంలో కొందరిని హింసపెట్టాడు. అదంతా ముప్పై ఆరో ఏట. పాదాల జబ్బు ముప్పై తొమ్మిదో ఏట. మూడేళ్లలో దేవుడివైపు ఒక్కసారి తిరగని మనిషి, రోగం వచ్చినా తిరగలేదు, అదీ ఆ వచనంలో మాట. వైద్యుడి దగ్గరకి వెళ్లడం తప్పని అందులో లేదు. రోజూ పొద్దున్న లేచి మోకాళ్ల మీద ప్రార్థన చేసి (ఇప్పుడు మోకాళ్లు వంగకపోతే మంచం మీదే చేసి) సోంపేట ఆటో ఎక్కే మీ మావయ్య గారికీ ఆసాకీ పోలికేమిటి?

అదే రాజుల చరిత్రలో హిజ్కియా ఉన్నాడు. రెండో రాజులు 20. దేవుడు ప్రార్థన విన్నాడు, పదిహేను సంవత్సరాల ఆయుష్షు ఇస్తానని మాట ఇచ్చేశాడు. మాట ఇచ్చాక కూడా యెషయా ఏం చేశాడు? అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి కురుపు మీద వేయించాడు. ప్రవక్త నోటి నుంచే ప్రార్థనకి జవాబూ వచ్చింది, పట్టీ కూడా వచ్చింది.

ఇక పౌలు. ఎఫెసులో ఆయన ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్లి వేస్తే రోగాలు పోయాయని అపొస్తలుల కార్యములు 19లో ఉంది. అదే పౌలు తిమోతికి కడుపు జబ్బు ఉంటే గుడ్డ పంపలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని రాశాడు. త్రోఫిము, ఆ ఎఫెసు వాడే, జబ్బు పడితే "మిలేతులో విడిచివచ్చితిని" అని రాశాడు, రెండో తిమోతి 4:20. ఈ వచనం మీద ప్రసంగం నేను నా జన్మలో వినలేదు. త్రోఫిముకి విశ్వాసం తక్కువైందని పౌలు అనలేదు. పౌలుకే ఒక ముల్లు ఉండేది, మూడుసార్లు వేడుకున్నాడు, వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును" అని. ఆయన పక్కనే తిరిగిన లూకా వైద్యుడని మావయ్య గారు పిల్లలకి ఎన్నిసార్లు చెప్పి ఉంటారో ఆయన్నే అడగండి.

డయాలిసిస్ మానేసి దేవుడు చూసుకుంటాడు అనడం నాకైతే యేసు ప్రభువుని నిలబెట్టిన దేవాలయ శిఖరం గుర్తు తెస్తోంది. దూకు, దూతలు పట్టుకుంటారు అని అక్కడ వాక్యం ఎత్తి చెప్పింది ఎవరు? సాతాను. అదీ కీర్తనల నుంచే చెప్పాడు. "ప్రభువైన నీ దేవుని నీవు శోధింపవలదు" అన్నది ప్రభువు.

మీ అబ్బాయి అడిగిన ప్రశ్న శిష్యులు ప్రభువునే అడిగారు, యోహాను 9, వీడు గుడ్డివాడుగా పుట్టడానికి ఎవరు పాపం చేశారని. "వీడైనను వీని కన్నవారైనను పాపము చేయలేదు" అన్నాడాయన. సిలోయము గోపురం పడి చచ్చిన పద్దెనిమిది మంది మిగతావాళ్ల కన్నా పాపులా అని ఆయనే అడిగాడు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మీ ఉద్దానంలో కొబ్బరిచెట్లు పడ్డాయి కదా, విశ్వాసి తోటా అవిశ్వాసి తోటా అని చూసుకుని పడ్డాయా? ఈ కిడ్నీ జబ్బూ అంతే. నీళ్లా, ఎండలో పనా, ఒంట్లో జన్యువులా అని ఇన్నేళ్లుగా వెతుకుతూనే ఉన్నారు, ఇదీ కారణం అని తేల్చలేకపోయారు. పరిశోధకులకే దొరకని కారణం ఒక్క కోడలి అవిశ్వాసంలో దొరికిందంటే నేను నమ్మను.

చివరగా, మావయ్య గారు పాత బాప్టిస్టు మనిషి కాబట్టి ఇది ఆయనకే బాగా తెలియాలి. మీరు వారానికి మూడుసార్లు వెళ్లే సోంపేటలోనే ఆరోగ్యవరం కంటి ఆస్పత్రి ఉంది. కెనడా బాప్టిస్టు మిషనరీలదే అది. డాక్టర్ బెన్ గలిసన్ అక్కడ కళ్ల ఆపరేషన్లు చేసేవారు, ఆయన పని చూసే 1963లో కెనడాలో ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ పుట్టింది. మన తాతలకి సువార్త తెచ్చినవాళ్లు బైబిలుతోపాటు కత్తి, సూది, దారం కూడా తెచ్చారమ్మా. మందు అవిశ్వాసమైతే వాళ్లు ఆస్పత్రి ఎందుకు కట్టినట్టు?

డయాలిసిస్ నర్సు, శ్రీకాకుళం:

వాక్యం మాస్టారు చెప్పేశారు, నేను ఒంటి సంగతి చెప్తాను, తొమ్మిదేళ్లుగా ఇదే పని.

శుక్రవారం మానేయడం మిగతా రోజులు మానేసినట్టు కాదు. సోమ బుధ శుక్ర వాళ్లకి శుక్రవారం నుంచి సోమవారం దాకా ఉండేదే వారంలో అన్నిటికన్నా పెద్ద ఖాళీ. శుక్రవారం ఎగ్గొడితే బుధవారం నుంచి సోమవారం, అంటే ఐదు రోజులు. ఆ ఐదు రోజుల నీరంతా ఎక్కడికి పోతుంది, కాళ్లకి, తర్వాత ఊపిరితిత్తులకి. గోడకి ఆనుకుని కూర్చున్నారన్నారే, అది అదే. నీరు కనబడుతుంది కాబట్టి భయపడతాం, కనబడనిది పొటాషియం, అది పెరిగితే గుండె చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. భయపెట్టాలని కాదు, చూశాను కాబట్టి.

ఇంకోటి, ఉపవాసం ఎలా విడుస్తున్నారు? మా దగ్గరకి వచ్చే పేషెంట్లలో చాలామంది ఉపవాసం వల్ల కాదు, ఉపవాసం విడిచేటప్పుడు తాగిన దానివల్ల ఇబ్బంది పడతారు. మీ వైపు అయితే చేతికి కొబ్బరిబోండం ఇస్తారు, లేకపోతే బత్తాయి రసం, అరటిపండు. మూడిట్లోనూ పొటాషియమే. కొబ్బరితోట మధ్య పుట్టి కొబ్బరినీళ్లు తాగకూడదంటే ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా వద్దు. ఆపిల్ ముక్క ఇవ్వండి. కూరలు ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి వండండి. మొదటి ఆదివారం ప్రభువు బల్లలో పుచ్చుకునే ఆ చిన్న గిన్నె రసం గురించి కొందరు భయపడి అడుగుతారు, దానివల్ల ఏమీ కాదు, తీసుకోనివ్వండి.

నూనె సంగతి గట్టిగా చెప్తున్నాను. ఫిస్టులా చేతిని రుద్దకూడదు, నొక్కకూడదు, ఆ చేతికి బీపీ పట్టీ కూడా కట్టించకూడదు, బరువు మోయకూడదు. సూది గుచ్చే చోట నూనె ఉంటే శుభ్రం చేయడం కష్టం, ఇన్ఫెక్షన్ వస్తుంది. రోజూ పొద్దున్న దాని మీద వేళ్లు పెట్టి జుమ్మని కొట్టుకుంటోందో లేదో చూడండి, ఆగిపోతే ఆ రోజే పరిగెత్తండి. యాకోబు పత్రికలో నూనె రాయమని ఉంది గాని ఏ చేతికో లేదు కదా, తలకి రాయమనండి.

మీ సెంటర్లో మంగళ, గురు, శనివారాల బ్యాచ్‌లో ఖాళీ ఉందేమో అడగండి. దొరికితే శుక్రవారం గొడవే ఉండదు.

విజయనగరం సిస్టర్:

కళ్లజోడు వెటకారం నాకు నచ్చలేదు. స్వస్థతని నమ్మేవాళ్లందరూ తెలివితక్కువ వాళ్లు కాదు. మా అక్కకి ప్రార్థనలో తగ్గింది, నేను కళ్లారా చూశాను, ఇవాళ్టికీ అది దేవుడి పనే అంటాను. కానీ ఒకటి, మా అక్క మందులు తనంతట తను ఆపలేదు. మళ్లీ టెస్టులు చేయించుకుంది, రిపోర్టు చూసి డాక్టరే ఆపమన్నాడు. ప్రభువు కుష్ఠరోగిని బాగుచేసి కూడా వెళ్లి యాజకుడికి చూపించుకోమన్నాడు కదా, అలాగన్నమాట. కాబట్టి మీ అత్తమ్మతో "దేవుడు చేయడు" అని మాత్రం ఎప్పుడూ అనకండి, "చేస్తే కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టులోనే కనబడుతుంది అత్తమ్మా, అప్పటిదాకా వెళ్దాం" అనండి.

ఉపవాసం గురించి కూడా. యెషయా 58 చదివించండి. నాకు ఇష్టమైన ఉపవాసం ఇదీ అని దేవుడు చెప్పినదాంట్లో ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం, సొంత రక్తసంబంధికి మొహం చాటేయకపోవడం ఉన్నాయి. మావయ్యగారి బదులు ఆ పూట అత్తమ్మ ఉపవాసం ఉండి ఆస్పత్రిలో ఆయన పక్కన కూర్చుంటే అది లెక్కలోకి రాదా?

ఇంకో మాట అంటే ఏమనుకోవద్దు. మీ అత్తమ్మది నమ్మకం ఎక్కువై కాదు అనిపిస్తోంది నాకు, భయం ఎక్కువై. ఆయన లేకపోతే తన బతుకేమిటి అని. ఆ భయం మీ మీద కోపంగా బయటపడుతోంది. కోడలి మీద కాకపోతే ఇంకెవరి మీద చూపిస్తుంది, కొడుకు చెన్నైలో ఉన్నాడాయె.

పాస్టర్ గారి దగ్గరకి మీరు ఒక్కరూ వెళ్లకండి. మీ ఆయన వచ్చాక ఇద్దరూ వెళ్లండి, రెండు రాత్రులు ఆస్పత్రిలో కూర్చున్నది గుర్తు చేసి మొదలుపెట్టండి.

బొబ్బిలి పాస్టర్ కొడుకు:

మా నాన్న పాస్టరు. సుగరు ఉండేది. ఇన్సులిన్ సీసా ఫ్రిజ్‌లో కొత్తిమీర కవరు వెనకాల దాచేవారు, సంఘస్తులు ఎవరైనా మంచినీళ్లకని ఫ్రిజ్ తీస్తే చూస్తారని. పల్పిట్ మీద స్వస్థత గురించి చెప్పిన మనిషే ఇంటికొచ్చి గదిలో తలుపు వేసుకుని పొట్టకి సూది గుచ్చుకునేవారు. చిన్నప్పుడు నాకు అది మోసం లాగ కనబడేది. ఇప్పుడు ఆ వయసుకి దగ్గరవుతుంటే జాలి వేస్తోంది, ఎంత ఒంటరిగా ఉండి ఉంటారో అని.

ఇంతమంది ఇన్ని వచనాలు చెప్పారు, బాగున్నాయి. నాది ఒక్కటే ప్రశ్న. అత్తమ్మ ఏమంటోందో రాశారు, ఆ దైవజనులు ఏమన్నారో రాశారు, మీవాడు ఏమన్నాడో కూడా రాశారు. మావయ్య ఏమన్నారో ఎక్కడా లేదు. రానన్నారు అని ఒక్క ముక్క ఉందంతే. ఎందుకు రానన్నారో ఆయన్ని ఎవరైనా అడిగారా? వచనం పట్టుకుని కాదు, ఊరికే.

ఉద్దానం కోడలు:

ఆరు రోజులు అయింది, అందరికీ కలిపి రాస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోవద్దు.

మాస్టారు గారూ, మీరు రాసింది మావయ్యకి చదివి వినిపించాను. సగంలో ఆపి బైబిలు తెమ్మన్నారు, కళ్లజోడు పెట్టుకుని (సూటిగా గారూ, నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను) ఒక్కొక్క వచనం తీసి చూసుకున్నారు, గంటన్నర పట్టింది. మీరు చెప్పినదాంట్లో తప్పు దొరుకుతుందేమోనని చూశారనుకుంటాను. త్రోఫిము దగ్గర ఆగిపోయి "ముప్పై ఏళ్లు చెప్పేను, ఈ మాట చూసుకోలేదు" అన్నారు. ఆరోగ్యవరం అనగానే వాళ్ల నాయనమ్మకి కళ్ల పొరలు అక్కడే తీశారని, బండి మీద తీసుకెళ్లారని ఒక పెద్ద కథ చెప్పారు. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. చాలా రోజులైంది ఆయన అంతసేపు మాట్లాడి.

కానీ అంతా అయ్యాక శుక్రవారం వస్తారా అంటే మాట్లాడలేదు.

అప్పుడు బొబ్బిలి తమ్ముడి మాట గుర్తొచ్చింది. ఆ రాత్రి కరెంటు పోతే అరుగు మీద కూర్చున్నాం, పిల్లలు పడుకున్నారు. ఎందుకు రానన్నారు మావయ్యా అని అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అలిసిపోయేనమ్మా" అన్నారు. ఆ నాలుగు గంటలు పైకప్పు చూస్తూ పడుకోవాలి, సూది రెండుసార్లు తప్పిపోతే మూడోసారి గుచ్చుతారు, పక్క మంచం మనిషి పోయిన వారం ఉన్నాడు ఈ వారం లేడు, నావల్ల ఆటోకి ఖర్చు, నీ తిండికి, నీ పనికి చేటు, అబ్బాయి పంపిన డబ్బులన్నీ నా మీదే అయిపోతున్నాయి, పింఛను పదివేలు వస్తే అదీ సరిపోదు, అని ఇలా ఒకదాని వెనక ఒకటి. ఆఖరికి అన్నారు, "ఆ అయ్యగారు వాక్యం చెప్తే ఒక వంక దొరికినట్టయిందమ్మా. ఒక్క శుక్రవారం ఇంటికాడ పడుకున్నాను, ఎంత హాయిగా ఉందో."

నాకు ఏం చెప్పాలో తెలీలేదు. నెల రోజులు నేను ఆసా రాజుతో దెబ్బలాడుతున్నాను, ఇక్కడ ఈ మనిషికి నిద్ర కావాలి. చేటు ఏమీ లేదు మావయ్యా అన్నాను, అంతకన్నా నోరు రాలేదు. తలుపు వెనకాల అత్తమ్మ ఉంది, మొత్తం వింది. లోపలికి వెళ్లి ఏడ్చింది, నేను వెళ్లలేదు, వెళ్తే ఇద్దరం ఏడుస్తామని.

మా ఆయనకి ఫోన్లో చెప్పాను. వచ్చే వారం పది రోజులు సెలవు పెట్టి వస్తున్నారు. పాస్టర్ గారి దగ్గరకి అప్పుడే వెళ్తాం, సిస్టర్ గారు చెప్పినట్టు. మొన్న శుక్రవారం మావయ్య వచ్చారు. ఇష్టంగా వచ్చారని చెప్పలేను, వచ్చారు. మంగళ గురు శని బ్యాచ్‌లో ఖాళీ లేదు, పేరు రాసుకున్నారు.

మావాడికి కూడా చెప్పాను. గుడ్డివాడి కథ చెప్పి, ఎవరి పాపమూ కాదు అని ప్రభువే అన్నాడు అన్నాను. "మరి మన మందిరంలో అలా ఎందుకు చెప్తున్నారు?" అన్నాడు. రేపు చెప్తాను పడుకో అన్నాను.

డయాలిసిస్ నర్సు, శ్రీకాకుళం:

అమ్మా, అలిసిపోయాను అన్నమాట మనసు మాటే కావచ్చు, ఒంటి మాట కూడా కావచ్చు. కిడ్నీ పాడైతే రక్తం తయారవడం తగ్గుతుంది. పాత రిపోర్టులో హిమోగ్లోబిన్ ఎంత ఉందో చూడండి. మరీ తగ్గి ఉంటే నిలబడ్డానికే ఓపిక ఉండదు, దేని మీదా ఆశ పుట్టదు. దానికి ఇంజక్షన్లు ఉన్నాయి, ఐరన్ కూడా ఎక్కిస్తారు. రక్తం పెరిగిందంటే మనిషి మారిపోతాడు. నిద్ర పట్టట్లేదని కూడా డాక్టరుకి చెప్పండి, చెప్పకపోతే వాళ్లకి తెలీదు. సూది తప్పుతోందంటే ఎప్పుడూ గుచ్చే సీనియర్ చేత గుచ్చించమని నోరు తెరిచి అడగండి, అడిగితే తప్పు లేదు.

ఉద్దానం కోడలు:

చూశాను అక్కా, హిమోగ్లోబిన్ 7.6 మాత్రమే ఉంది. ఇన్నాళ్లూ ఆ కాగితం మడతపెట్టి దాచడమే గాని చదవడం రాలేదు నాకు. రేపు బుధవారం, డాక్టరు గారు వస్తారు, మీరు చెప్పినవన్నీ ఒక చీటీ మీద రాసుకున్నాను.

ఆటోకి ఆరున్నరకి చెప్పాను. ఈసారి అత్తమ్మ కూడా వస్తానంది, ఉపవాసం ఉండి వస్తుందట. సంచిలో మావయ్య బైబిలు, దుప్పటి పెట్టింది, నూనె సీసా కూడా పెట్టింది. నేనేమీ అనలేదు, తలకి రాయమని మాత్రం చెప్పాను.